మదురై, కోయంబత్తూరు తెలుగు సీమల కళలో సముద్రయానం

ఓడలు, రేవులు, సముద్ర ప్రయాణాలు, సరుకుల రవాణా చూపించే చిత్రాలు, శిల్పాలు, నాణేల బొమ్మలు భారతదేశంలో రెండు వేల ఏళ్ళకు పైగా దొరుకుతున్నాయి. తమిళనాడులోని మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగువారు పోషించిన కళలో ఈ వస్తువు వేరే దారి తొక్కింది. సముద్రానికి దూరంగా మెట్టనేలల్లో కుదురుకున్న ఈ జనం గుడి గోడల మీద ఓడను గీయించింది చాలా అరుదు. ఓడ దిగి వచ్చిన గుర్రాన్ని మాత్రం మండపం తరవాత మండపంలో చెక్కించారు. పురాణాల సముద్రాన్ని కోనేళ్ళలోకీ, గోడల మీదికీ, పైకప్పుల మీదికీ తెచ్చుకున్నారు. వీరిలోనే ఒక శాఖ 18వ శతాబ్దిలో నిజంగా సముద్రం దాటి లంకలోని కండి సింహాసనం ఎక్కింది. ఆ రాజులు పోషించిన శ్రీలంక గుహాలయాల్లో ఓడ మళ్ళీ గోడకెక్కింది. ఈ సీమల కళలో సముద్రాన్ని వెతికేవారు ఓడ బొమ్మ కోసం మాత్రమే చూస్తే చాలా సంగతులు జారిపోతాయి.

వలస, దాని జ్ఞాపకం

1371 ప్రాంతంలో విజయనగర యువరాజు కుమార కంపన మదురై సుల్తానులను ఓడించడంతో ఉత్తరాది దండ్లకు దక్షిణాన దారి తెరుచుకుంది. 1529 నుంచి విశ్వనాథ నాయకుడి వంశం మదురైని ఏలింది. 1736 దాకా ఆ పాలన సాగింది. పాలెగాళ్ళ వ్యవస్థ ఏర్పడింది. సైనికులు, సేద్యగాళ్ళు, నేతగాళ్ళు, వర్తకులు, తోలు పనివారు విడతలు విడతలుగా వచ్చారు. బలిజలు, కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, దేవాంగులు, అరుంధతీయులు మదురై నుంచి కొంగునాడు (కోయంబత్తూరు సీమ) దాకా ఊళ్ళు కట్టుకున్నారు. నల్లరేగడి దొరికిన చోట పత్తి వేశారు. ఈ పల్లెల్లో ఇంటి భాష తెలుగు, వీధి భాష తమిళం.

రాజకంబళ నాయకుల వలస కథ ఒకటి 20వ శతాబ్ది తొలినాళ్ళలో దక్షిణాది కులాల గురించి థర్‌స్టన్ వెలువరించిన సంపుటాల్లోకి కూడా ఎక్కింది. తరుముకొస్తున్న శత్రువు వెనక, నిండుగా పారుతున్న నది ముందు. ఆ వేళ ఒడ్డున ఉన్న కానుగ చెట్లు వంగి వంతెనగా నిలిచాయట. జనం దాటగానే మళ్ళీ నిటారుగా లేచాయట. అందుకే ఆ కులంలో కానుగ పూజనీయం. ఈ జనం జ్ఞాపకంలో దాటిన నీరు నది, దాటించింది చెట్టు. వారి కళలో ఓడ ఎందుకు పలచగా ఉందో ఈ కథ కొంత చెబుతుంది.

వెనకటి పొరలు

తెలుగువారికి ఓడ బొమ్మ కొత్తది కాదు. 2వ శతాబ్ది చివర యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. రెండోవైపు ఉజ్జయినీ చిహ్నం. ఇవి కోరమండల్ తీరంలో దొరికాయి. రాజు తన పేరుతో చలామణీ అయ్యే నాణెం మీద ఓడ వేయించాడంటే, రాజ్యానికి రేవుల రాబడి ఎంత ముఖ్యమో ఊహించవచ్చు. కృష్ణా ముఖద్వారం దగ్గరి ఘంటసాలను గ్రీకు భూగోళవేత్త టాలెమీ వర్తక పట్టణంగా పేర్కొన్నాడు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరు ఉంది. బౌద్ధ కట్టడానికి దానమిచ్చినవారిలో ఓడ నడిపే మనిషి పేరు రాతికెక్కడం తెలుగు నేల నావికుల గురించి మనకు మిగిలిన విలువైన సాక్ష్యం.

దక్కనులో ఓడ చిత్రానికి శిఖరం అజంతా. రెండో గుహలో మూడు కొయ్యల ఓడ ఉంది. ముందు భాగాన కన్ను గీసి ఉంది, పైన కుండలు వరసగా పేర్చి ఉన్నాయి. పదిహేడో గుహలో సింహళుడనే వర్తకుడి కథ చెప్పే సింహళావదానంలో సైన్యం ఏనుగులతో, గుర్రాలతో పడవల్లో సముద్రం దాటుతుంది. ముంబై దగ్గరి ఎక్సర్ వీరగల్లుల మీద ఓడల మధ్య యుద్ధాలే చెక్కి ఉన్నాయి.

తెలుగువారు రాకముందే మదురై సీమకు కూడా ఓడ తెలుసు. వైగై నది సముద్రంలో కలిసే చోట అళగన్‌కుళం ఉంది. 1980ల, 90ల తవ్వకాల్లో అక్కడ బయటపడ్డ ఒక కుండపెంకు మీద మూడు కొయ్యల ఓడ గీసి ఉంది. నౌకా చరిత్ర పండితుడు లయనెల్ కాసన్ దాన్ని గ్రీకు, రోమన్ వర్తక నౌకల్లోని పెద్ద రకంగా గుర్తించాడు. ఎవరో రేవులో నిలబడి, ఎదురుగా కనిపించిన ఓడను చేతికందిన పెంకు మీద గీశారు. రాజాజ్ఞ లేదు, దానశాసనం లేదు. ఈ వ్యాసం పరిధిలోని బొమ్మలన్నిటిలోకీ కళ్ళారా చూసి గీసిందని ధైర్యంగా చెప్పదగ్గది ఇదే.

కోయంబత్తూరు వైపు ఓడ బొమ్మకు బదులు ఓడ తెచ్చిన డబ్బు దొరికింది. నొయ్యల్ ఒడ్డున, నగరానికి ఆనుకుని ఉన్న వెళ్ళలూరులో 1842 మొదలు పలుమార్లు రోమన్ వెండి నాణేల కుండలు బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. పడమటి తీరంలోని ముజిరిస్‌లో దిగిన సరుకు పాలక్కాడు కనుమగుండా కొంగునాడు దాటి తూర్పుకు సాగేది. కాంగేయం దగ్గరి పడియూరు వైడూర్యం ఎదురు దారిలో ఓడ ఎక్కేది. రోమన్ చక్రవర్తుల ముఖాలతో కొంగునాటికి చేరిన ఆ చిన్న వెండి బిళ్ళలను సముద్రం మోసుకొచ్చిన శిల్పాలుగానే చూడాలి.

గుర్రం ఉంది, ఓడ లేదు

నాయక కాలపు మండపంలోకి అడుగుపెడితే మొదట కంటికి తగిలేది ముందు కాళ్ళు ఎత్తి లేచిన గుర్రం. శ్రీరంగంలోని శేషరాయర్ మండపం గుర్రాలు ఈ పద్ధతికి పరాకాష్ఠ. మదురైలో తిరుమల నాయకుడు 1630ల ప్రాంతంలో కట్టించిన పుదుమండపం ముఖభాగంలోనూ లేచిన గుర్రాలు, యాళులు బారులు తీరి ఉంటాయి. వేయికాళ్ళ మండపం వాకిట గుర్రం మీద కూర్చున్న నాయకుల మంత్రి అరియనాథ ముదలియార్ విగ్రహం నిలిచి ఉంది.

ఆ గుర్రాలు ఈ నేలలో పుట్టినవి కావు. దక్షిణాది ఎండకూ మేతకూ మేలుజాతి గుర్రం నిలవదు. కాబట్టి ఏటా కొత్తవి కొనాల్సిందే. పాండ్యుల కాలంలో కాయల్ రేవుకు హొర్ముజ్, ఏడెన్ వంటి చోట్ల నుంచి గుర్రాల ఓడలు వచ్చేవని, వచ్చినవాటిలో ఎక్కువ సరైన సాకుడు లేక చచ్చిపోయేవని మార్కో పోలో రాశాడు. విజయనగర కాలంలో, 16వ శతాబ్ది నుంచి ఈ వ్యాపారం పోర్చుగీసుల చేతిలోకి పోయింది. అంతకు కొద్ది ముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు బతికిన గుర్రానికీ చచ్చిన గుర్రానికీ ఒకే ధర ఇచ్చేవాడని, దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపిస్తే చాలని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ చెప్పాడు. ఒక రాజ్యానికి గుర్రం ఎంత అవసరమైతే తోకకు కూడా డబ్బిస్తుందో ఆలోచించండి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో రేవులను పెంపొందించి గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం, ముత్యాలు దిగుమతి అయ్యేలా చూడాలని, తుపానుకు చిక్కి ఒడ్డున పడ్డ పరదేశీ నావికులను ఆదరించాలని చెప్పాడు. రాజుకు సముద్రం విలువ పూర్తిగా తెలుసు. హంపి మహానవమి దిబ్బ మీద పొడుగు టోపీల పరదేశీ వర్తకులు గుర్రాలను నడిపించుకొస్తున్నట్టు చెక్కించారు కూడా. ఆ గుర్రాలు దిగిన ఓడ మాత్రం అక్కడ లేదు.

ఓడ కనిపించే చోటు తిరుప్పుడైమరుదూరు. తామ్రపర్ణి ఒడ్డున, తిరునెల్వేలి జిల్లాలో, మదురై నాయకుల ఏలుబడిలోని నేల అది. నారుంబూనాథస్వామి గుడి ఐదంతస్తుల గోపురం లోపల గోడల నిండా చిత్రాలు, కొయ్య స్తంభాల నిండా చెక్కడాలు ఉన్నాయి. బయట నుంచి చూసేవారికి అది మామూలు గోపురం. లోపల ఇరుకు మెట్లెక్కి పోతే ఒక్కో అంతస్తు ఒక్కో చిత్రశాల. పురాణ గాథల నడుమ ఒక యుద్ధం కూడా ఉంది. 1532లో అచ్యుతదేవరాయల సేనలు తిరువాన్కూరు రాజుతో తామ్రపర్ణి తీరంలో చేసిన యుద్ధమే అదని పరిశోధకులు గుర్తించారు. వీటి మధ్యే అరబ్ వర్తకులు గుర్రాలతో వచ్చిన ఓడ ఉంది. యుద్ధమూ, గుర్రపు ఓడా ఒకే గోపురంలో ఉండటం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. గుర్రం రేవులో దిగితేనే దండు కదిలేది. నాయక సీమలో మిగతా చిత్రకారులు వదిలేసిన లంకెను ఇక్కడి చిత్రకారుడు గీసి చూపించాడు.

గుర్రాల వ్యాపారం మదురై పురాణంలోకీ చొరబడింది. పాండ్యరాజు గుర్రాలు కొనమని ఇచ్చిన ధనాన్ని మంత్రి వాదవూరర్ పెరుందురైలో శివసేవకు ఖర్చు పెట్టేస్తాడు. శివుడు నక్కలను గుర్రాలుగా మార్చి, తానే గుర్రపు వర్తకుడి వేషంలో తోలుకొస్తాడు. రాత్రికి అవి మళ్ళీ నక్కలైపోతాయి. ఆ మంత్రే మాణిక్యవాచకర్. ఆ పెరుందురై నేటి ఆవుడైయార్‌కోయిల్. అక్కడి గుడిలో గుర్రం మీది శివుడి శిల్పం ప్రసిద్ధం. రేవులో గుర్రాలు కొనడానికి రాజు మంత్రిని డబ్బిచ్చి పంపడం అంత మామూలు పని కనుకే ఈ కథ పుట్టింది.

కోనేట్లో కడలి

మదురై స్థలపురాణంలోని 64 శివలీలల్లో సముద్రం పదేపదే వస్తుంది. మీనాక్షి తల్లి కాంచనమాల సముద్రస్నానం కోరితే శివుడు ఏడు సముద్రాలనూ మదురైకే రప్పిస్తాడు. గుడికి తూర్పున ఏళుకడల్ పేరుతో కోనేరు, వీధి వెలిశాయి. పొంగివచ్చిన సముద్రాన్ని ఉగ్రపాండ్యుడు ఈటె విసిరి ఇంకిస్తాడు. పార్వతి బెస్తపిల్లగా పుడితే శివుడు జాలరిగా వచ్చి, ఎవరికీ లొంగని పెద్ద సొరచేపను వలేసి పట్టి ఆమెను పెళ్ళాడతాడు. ఈ లీలలను తిరువేంగళకవి చొక్కనాథ చరిత్రగా తెలుగులో చెప్పాడు. గుడిలోని స్వర్ణపద్మ కోనేటి చుట్టూ ఉన్న వసారా గోడల మీద నాయక కాలంలో వీటిని చిత్రించారు. ఆ పాత చిత్రాలు చాలావరకు పోయాయి.

మిగిలినవాటిలో ముఖ్యమైనవి ఊంజల్ మండపం పైకప్పు చిత్రాలు. 1689 నుంచి 1706 దాకా రాజ్యం నడిపిన రాణి మంగమ్మ, ఆమె మనవడు విజయరంగ చొక్కనాథుడు మీనాక్షి కల్యాణం దగ్గర నిలబడి ఉంటారు. మీనాక్షి దిగ్విజయం కూడా ఉంది: ఆమె ఎనిమిది దిక్కుల పాలకులను గెలుస్తుంది, ఆ ఎనమండుగురిలో సముద్రాధిపతి వరుణుడు ఒకడు. బొమ్మల కింద శీర్షికలు తమిళంలోనూ తెలుగులోనూ ఉన్నాయి. మదురై నడిబొడ్డున తెలుగు లిపిలో బొమ్మకు పేరు రాయించుకున్న జనం ఎవరో ఆ పైకప్పు నేటికీ చెబుతోంది.

రామాయణంలోని సేతువు మరో పెద్ద వస్తువు. హనుమంతుడు ఎగిరి దాటుతాడు, రాముడు కట్టి దాటుతాడు. ఇద్దరికీ ఓడ అక్కర్లేదు. మదురై శివారు అళగర్‌కోయిల్ వసంత మండపంలో రామాయణ చిత్రాలు ఉన్నాయి. ఉత్తరాన తిరువణ్ణామలై జిల్లా చెంగంలోని వేణుగోపాల పార్థసారథి గుడి చిత్రాలు మన రంగనాథ రామాయణాన్ని అనుసరించాయని పురాతత్త్వవేత్త ఆర్. నాగస్వామి చూపించారు, అక్కడా తెలుగు శీర్షికలు ఉన్నాయి. సేతువు కాపలాదారులైన రామనాథపురం సేతుపతుల రాజమందిరం రామలింగ విలాసంలో 18వ శతాబ్ది తొలి పాదపు కుడ్యచిత్రాలు ఉన్నాయి. వాటిలో సేతుపతి ఐరోపా వర్తకులను కొలువులో కలుస్తాడు. ఇక్కడా వర్తకుడే కనిపిస్తాడు. మదురై నాయకులకు సొంత నౌకాబలం లేదు. సేతుపతి మీదికి పోయినప్పుడు తిరుమల నాయకుడు పోర్చుగీసుల సాయం తీసుకోవాల్సి వచ్చింది.

అదే తిరుమల నాయకుడు 1645లో వండియూరు మారియమ్మ తెప్పకుళం తవ్వించాడు. పక్కకు సుమారు వెయ్యి అడుగుల కోనేరు, నడుమ దీవిలాంటి మండపం, వైగై నుంచి కాలువల్లో వచ్చే నీరు. తై నెలలో మీనాక్షీ సుందరేశ్వరులు అలంకరించిన తెప్ప మీద ఊరేగుతారు. ఒడ్డున జనం తాళ్ళు పట్టి లాగుతారు. కట్టడం, అలంకారం, ఉత్సవం, నీళ్ళలో నీడ అన్నీ కలిసిన ఈ దృశ్యాన్ని మదురై తెలుగు పాలకులు జలయానానికి ఇచ్చిన అతి పెద్ద కళారూపంగా నేను లెక్కిస్తాను. కోయంబత్తూరు వైపు ఇలాంటి పోషణ తక్కువ. పేరూరు పట్టీశ్వరుడి గుడిలో తిరుమల నాయకుడి కాలంలో అళగాద్రి నాయకుడు కట్టించిన కనకసభ శిల్పానికి పెట్టింది పేరు, కానీ దాని ఘనత శివతాండవ, గజసంహార మూర్తులది.

కండికి చేరిన నాయకులు

మదురై నాయకుల బంధువర్గం సింహళ రాజులకు ఆడపిల్లలనిచ్చింది. కండి రాజు వీర నరేంద్ర సింహుడు రాణుల వల్ల సంతానం లేకుండా 1739లో చనిపోతే మదురై నుంచి వచ్చిన అతని రాణి తమ్ముడు శ్రీ విజయ రాజసింహుడిగా పట్టాభిషిక్తుడయ్యాడు. తెలుగు మూలాల ఈ నాయక్కర్ వంశంలో నలుగురు 1815 దాకా కండిని ఏలారు. పెళ్ళికూతుళ్ళు, బంధువులు, పరివారం పాక్ జలసంధి మీదుగా వెళ్ళారు. కానుగ వంతెన మీద నది దాటిన కథలు చెప్పుకునే జాతిలో ఇది అసలైన సముద్రయానం.

రెండో రాజు కీర్తిశ్రీ రాజసింహుడు 1747 నుంచి 1782 దాకా పాలించాడు. శైవ కుటుంబంలో పుట్టి బౌద్ధానికి గొప్ప పోషకుడయ్యాడు. లంకలో భిక్షువుల ఉపసంపద (పూర్తి దీక్ష) పరంపర తెగిపోతే డచ్చివారి ఓడల్లో సయాంకు రాయబారం పంపించి, 1753లో ఉపాలి థేరుడిని రప్పించాడు. పాత విహారాలను బాగుచేయించి చిత్రాలు వేయించాడు. నేడు మనం కండి శైలి అంటున్న ఎర్రని నేపథ్యం మీది చిత్రాలు ఎక్కువగా అతని కాలం నుంచి మొదలైనవే. దంబుల్ల గుహాలయాలు అప్పుడే కొత్త రంగులు దిద్దుకున్నాయి. అక్కడి రెండో గుహలో లంక చరిత్ర చిత్రాలు ఉన్నాయి. వాటిలో సింహళుల ఆదిరాజు విజయుడు ఓడలో వచ్చి లంకలో దిగే ఘట్టం ఉంది. కథ సింహళుల మూలకథ, చిత్రకారులు సింహళులు, పోషకుడు సముద్రం దాటొచ్చిన మదురై వంశస్థుడు. పరదేశం నుంచి ఓడలో వచ్చి రాజైనవాడి కథ ఆ రాజుకు దగ్గరగా తోచి ఉంటుందని అనుకోవడానికి అవకాశం ఉంది. అజంతా పదిహేడో గుహలోని సింహళుడి కథతో దీన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, లంకకు సాగిన ఓడ దక్షిణాసియా చిత్రకళలో ఎంత దీర్ఘాయువు పొందిందో తెలుస్తుంది.

ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడిని ఆంగ్లేయులు 1815లో గద్దె దించి, మరుసటేడు కొలంబో నుంచి ఓడెక్కించి మద్రాసు మీదుగా వేలూరు కోటకు పంపించారు. 1832లో అక్కడే చనిపోయాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది.

గుడ్డ, అచ్చుబొమ్మ, స్టీమరు

ఈ సీమలకు బయట, తెలుగు తీరంలో ఓడను దగ్గరగా ఎరిగిన కళ అద్దకం. మచిలీపట్నం రేవు నుంచి 17వ శతాబ్దిలో కలంకారీ గుడ్డలు పర్షియాకూ, తూర్పు దీవులకూ, ఐరోపాకూ వెళ్ళాయి. బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న ఏడు భాగాల పెద్ద కలంకారీ తెర ఆ శతాబ్దిదే. దాని మీద దేశదేశాల మనుషుల్లో టోపీల ఐరోపావారూ ఉన్నారు. ఓడెక్కే గుడ్డ మీద ఓడ దిగిన మనుషులు!

19వ శతాబ్దిలో మద్రాసు వచ్చిన ఆంగ్ల చిత్రకారులు పెద్ద అలల మీద మసూలా పడవలను, కట్టుమరాలను ఇష్టంగా గీశారు. మేకుల్లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన ఆ పడవ అలల దెబ్బకు వంగుతుందే తప్ప విరగదు. ఆ అచ్చుబొమ్మల్లో ఒడ్డు చేరే దొరసానికి పేరుంటుంది, పడవ నడిపే పల్లెకారుకు ఉండదు.

మదురై, కోయంబత్తూరు జిల్లాల తెలుగు కూలీలు, ముఖ్యంగా అరుంధతీయులు, సిలోన్ తేయాకు తోటలకు సముద్రం మీదే వెళ్ళారు. 1914లో పాంబన్ రైలు వంతెన తెరిచాక ధనుష్కోటి నుంచి తలైమన్నార్‌కు స్టీమరు నడిచింది. మండపంలోని శిబిరంలో కూలీలను నిలిపి పరీక్షించి పంపేవారు. 1964 డిసెంబరు తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టేదాకా ఆ దారి నడిచింది. ఈ సీమల తెలుగువారిలో అందరికంటే ఎక్కువ మంది చేసిన సముద్రయానం ఇదే. గుడి గోడ మీద దీనికి చోటు దొరకలేదు.

నేటి స్థితి

తిరుప్పుడైమరుదూరు గోపురం చిత్రాలు గబ్బిలాలనూ, తేమనూ తట్టుకుంటూ నిలిచినవి. నాయక కాలపు గుళ్ళలో సున్నం కింద పోయిన బొమ్మలు లెక్కలేనన్ని. తమిళ పండితులు ఈ చిత్రాల మీద శ్రద్ధగా పనిచేశారు. తెలుగు విశ్వవిద్యాలయాల నుంచి అక్కడికి వెళ్ళి పనిచేసినవారు తక్కువ. ఊంజల్ మండపంలోనూ చెంగంలోనూ ఉన్న తెలుగు శీర్షికలను అక్షరం అక్షరం చదివి, ఫొటోలతో అచ్చువేయడం ఇప్పుడు చేయాల్సిన మొదటి పని. రంగు రాలే కొద్దీ అక్షరమూ రాలిపోతుంది. తెలుగు చదవగలిగిన పరిశోధకులు ఆలస్యం చేయకుండా ఆ గుళ్ళకు వెళ్ళాలి.